పెరట్లో గోంగూర పచ్చడి

కాగితాల మీద నా ఉద్యోగం శానిటరీ ఇన్‌స్పెక్టరు. కోంటాలో మాత్రం నన్ను "పెరళ్లు చూసే ఆయన" అనేవారు. అందులో కొంత వెటకారం ఉండేది. పెళ్లికాని కుర్రాడు, ఖాకీ నిక్కరు, నెత్తిన టోపీ, చేతిలో చిన్న పుస్తకం, ఇంటి వెనక తడిక తోసుకుని వచ్చి కుండలు బోర్లించి చూస్తుంటే ఎవరికి మాత్రం నవ్వు రాదు. ఆ నవ్వుకి అప్పట్లో నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆరోగ్యశాఖలో చేరబోయే మనవళ్ల వయసు పిల్లలు వచ్చి "మీ సర్వీసులో మరిచిపోలేనిది చెప్పండి" అంటారు. కలరా గురించో మశూచి గురించో చెబుతానని వాళ్ల ఆశ. నాకు మాత్రం ఒక పెరడు, అందులో ఇద్దరు ఆడపిల్లల బువ్వలాట గుర్తొస్తాయి.

అవి బస్తర్ ఇంకా సంస్థానంగా ఉన్న రోజులు. మా నాన్న జగదల్‌పూర్ కచేరీలో గుమాస్తా. నాకు కోంటా పోస్టింగు వచ్చిందని తెలిసి మా వీధిలో వాళ్లు నన్ను జాలిగా చూశారు. వానాకాలం మొదలైతే దారి మూసుకుపోతుంది, ఇక మళ్లీ లారీ కనిపించేది కార్తీకంలోనే. జ్వరాల ఊరు. శబరి పొంగి తగ్గాక ఒడ్డు పొడుగునా మడుగులు మిగిలిపోతాయి, మడుగుల నిండా దోమ పిల్లలు. వాటిని చంపడమే నా ముఖ్యమైన పని. పెరళ్లు చూడడం దానికి తోక.

ఆ తోకంటేనే నాకు ఎక్కువ మోజు. పిల్లలు పొద్దంతా ఆడేది పెరట్లోనే కదా. ఏ పెరట్లో చూసినా పగిలిన కుండలో నిలవ నీళ్లు, నూతి చుట్టూ బురద, మూలన రేగుముళ్లు, ఎక్కడపడితే అక్కడ పేడ. షావుకార్ల పెరళ్లలో ఇవి చాలక అడవి సరుకు ఒకటి. విప్పపువ్వు, చింతపండు, కరక్కాయలతో పాటు ముష్టి గింజలు కూడా ఎండబోసేవాళ్లు. బొత్తాల్లా గుండ్రంగా, నున్నగా ఉంటాయి, పిల్లలకి ముద్దు. ఒక్కటి నమిలి మింగితే చాలు, పిల్లాడు వంకర్లు తిరిగిపోతాడు. నేను ఇల్లిల్లూ తిరిగి ఆ గింజలన్నీ అటకలెక్కించాను. "పెరడు ఇంటికి వెనకుంటుంది కానీ పిల్లలకి ముందుంటుంది" అని ఒక వాక్యం తయారుచేసుకుని ప్రతి గుమ్మంలోనూ అప్పజెప్పేవాణ్ని. అది నా సొంత తెలివి అని తెగ మురిసిపోయేవాణ్ని.

నేను అద్దెకుండేది ఒక తెలుగు షావుకారు ఇంటి వెనక గదిలో. ఆయన భద్రాచలం వైపు నుంచి వచ్చి దుకాణం పెట్టుకున్న మనిషి. ఆయన భార్య నన్ను తమ్ముడూ అని పిలిచేది, తన చేత్తోనే రెండు పూటలా అన్నం పెట్టేది. నాకు సొంత అక్క లేదు. అందుకని ఆ పిలుపు నాకు బాగా నచ్చింది, నేనూ ఆవిడని అక్కా అనేవాణ్ని. వాళ్లకి ఏడేళ్ల కూతురు. వరుస ప్రకారం నన్ను మామా అనేది. మాటల పుట్ట. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, పెరట్లో స్నేహితురాలితో దోర్ల మాట, మూడూ ఒక్క గుక్కలో మాట్లాడేది.

ఆ స్నేహితురాలు దోర్లల గూడెం నుంచి వచ్చే పిల్ల, దోర్లలంటే అక్కడి కోయల్లో ఒక తెగ. వాళ్ల తాత నా దగ్గర కూలీగా పనిచేసేవాడు. తాతతో పాటు పొద్దున వచ్చి, పని అయ్యేదాకా ఈ పిల్లతో ఆడుకునేది.

ఇప్పుడు ఆ మందు సంగతి చెప్పాలి. పారిస్ గ్రీన్ అని ఒక పొడి డబ్బాల్లో వచ్చేది. పచ్చ అంటే మామూలు పచ్చ కాదు, కొత్త పట్టుచీర అంచులో ఉంటుందే అలాంటి పచ్చ. దాంట్లో అసలు సరుకు పాషాణం. చిటికెడు పొడిని జల్లెడ పట్టిన మట్టిలో బోలెడంత కలిపి, పీపాలో పోసి గిరగిరా తిప్పి, గాలివాటున నిలబడి మడుగుల మీద చల్లాలి. దోమ పిల్లలు అది తిని చస్తాయి. అలా కలిపాక మనిషికీ గొడ్డుకీ పెద్ద ప్రమాదం లేదని మాకు శిక్షణలో చెప్పారు. కలపకముందు సంగతీ చెప్పారు, డబ్బా ఎప్పుడూ దవాఖానాలో తాళం వేసిన గదిలో ఉండాలని. నేను రాసుకున్నాను కూడా.

మొదటి రోజు ఆ పిల్ల తాత, మా ముసలాయన, ఆ పొడిని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏంది దొరా ఇది, చేపల మందా?"

"చేపల మందు కాదు తాతా, దోమల మందు. సర్కారు పంపింది."

ఆయన నేను చెప్పినట్టే చల్లాడు. తర్వాత ఒడ్డున ఒక కర్ర పాతి, దాని కొసకి చేరెడు ఆకులు కలిపి కట్టాడు. ప్రతి మడుగు దగ్గరా అదే పని. అదేమిటని అడిగితే, వాళ్లు చేపల కోసం మడుగులో బెరడు దంచి కలిపినప్పుడు ఇలా కడతారట. కట్ట ఉన్నన్నాళ్లూ ఎవరూ ఆ నీళ్లు తాగరు, గొడ్డుని దింపరు, పిల్లలు ఒడ్డుకి కూడా రారు.

"చదువు రానోళ్లకి ఇదే కాగితం దొరా" అన్నాడు.

నాకది మొదట్లో ముచ్చటగానే ఉంది. గూడెం వాళ్లు ఆ కట్టలు చూసి మా మడుగుల దగ్గరికి రావడం మానేస్తుంటే మాత్రం చిరాకు వేసింది. జనం సర్కారు మందంటే భయపడుతున్నారని రిపోర్టు పోతే నా పరువేం కావాలి. అయినా ఊరుకున్నాను.

కార్తీకంలో దారి తెరుచుకుంది. లారీతో పాటే కబురూ వచ్చింది. జగదల్‌పూర్ నుంచి పెద్ద డాక్టరుగారు తనిఖీకి బయలుదేరారు, దోర్నపాల్‌లో ఆగి మర్నాడు కోంటా వస్తారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా. నేనుండే పెరడునే ఆయనకి చూపించాలని పట్టుబట్టాను. వారం రోజులు పని. గుంటలు పూడ్పించాను, ముళ్లు కొట్టించాను, నూతి బురదకి కాలువ తీయించాను, శబరి ఒడ్డు నుంచి రెండు బండ్ల ఇసుక తోలించి జామచెట్టు కింద పరిపించాను. షావుకారుగారు దుకాణం వదిలి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశారు.

"ఏందయ్యా ఇన్‌స్పెక్టరూ, నా పెరడు నాకే కొత్తగున్నది. రేపు దొర వచ్చినంక నన్నన్నా లోపలికి రానిస్తరా?"

వీధిలో పిల్లలందరూ ఆ ఇసుక మీదే చేరారు. కోంటాలో పిల్లలు ఆడుకోవడానికి ఇంతకంటే భద్రమైన చోటు లేదని పుస్తకంలో నా చేత్తో రాసుకున్నాను.

ఆ పెరటి మూలన, గడ్డివామి పక్కన, నా పీపా ఉంది. దాని పక్కనే గోనె కప్పిన పచ్చపొడి డబ్బా. దవాఖానా గదికి వానాకాలంలో కప్పు కారింది, డబ్బా తడుస్తుందని ఇక్కడికి తెచ్చాను. వానలు పోయినా తిరిగి తీసుకెళ్లలేదు. పొద్దున్నే దవాఖానా దాకా నడిచే పని తప్పుతుందని బద్ధకం. ఊళ్లో ముష్టి గింజలన్నీ అటకెక్కించిన మొనగాణ్ని, నా పాషాణాన్ని మాత్రం నేల మీద పెట్టుకున్నాను.

ముసలాయన దాని దగ్గరా ఒక కర్ర పాతి ఆకుకట్ట కట్టాడు. ఎండినప్పుడల్లా కొత్త ఆకులు మార్చేవాడు. తనిఖీకి ముందురోజు పొద్దున పెరడంతా ఒకసారి చూసుకుంటుంటే నా కళ్లకి ఆ కట్ట అడ్డం తగిలింది. ఇంత నున్నగా చేసిన చోట దిష్టిబొమ్మలా అదొకటి. పెద్ద డాక్టరుగారు చూస్తే, సర్కారు మందుకి కూడా మంత్రాలు కడుతున్నావా అనరూ?

"తాతా, అది పీకెయ్."

"ఉండనియ్ దొరా. గది ఉంటే పోరగాండ్లు దగ్గరికి రారు."

"నేనున్నాగా. పీకెయ్ అంటే పీకెయ్."

ఆయన కదలలేదు. నాకు కోపం వచ్చి నేనే వెళ్లి ఆ కర్రని లాగేసి గోడవతల పారేశాను. పిల్లలిద్దరూ జామచెట్టు కింద కూచుని చూస్తున్నారు. ముసలాయన మడుగుల వైపు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం భోజనమయ్యాక వెనక అరుగు మీద కూచుని రిజిస్టర్లు రాస్తున్నాను. రాయాల్సినవి కుప్పలు. ఎదురుగా పిల్లల బువ్వలాట జోరుగా సాగుతోంది. భద్రాచలం జాతరలో కొన్న లక్కపిడతల సెట్టు, మూడు రాళ్ల పొయ్యి, అక్క కొంగు పట్టుకుని సాధించిన గుప్పెడు అటుకులు, చిన్న బెల్లం ముక్క. దోర్ల పిల్ల వంటమనిషి, మా షావుకారు పిల్ల ఇంటావిడ. నేను చుట్టాన్ని. నన్ను అడిగి పెట్టిన పాత్ర కాదు, అరుగు మీద కూచున్నాను కాబట్టి చుట్టాన్నయ్యాను.

కాసేపటికి మా పిల్ల ఒక లక్కపిడత మూతలో ఏదో పెట్టుకుని, పైన చెయ్యి అడ్డం పెట్టి జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చింది.

"మామా, బువ్వ తెచ్చిన. గోంగూర పచ్చడి కూడ చేసినం. తిను."

నేను తల ఎత్తలేదు. ఎడమ చేత్తో మూత అందుకుని నోటిదాకా తీసుకెళ్లి, పెదాలు చప్పరించి, పక్కన పెట్టేశాను. మీరూ చేసే ఉంటారు ఈ పని. పిల్లలున్న ఇంట్లో పెద్దవాళ్లందరూ చేస్తారు.

"మస్తుగున్నది బిడ్డా."

"మంచిగున్నదా?"

"చాలా మంచిగున్నది. పో, నువ్వూ తిను."

పిల్ల సంబరంగా పరుగెత్తింది. వాళ్ల అమ్మ కూడా అంతే, చుట్టం తిని బాగుందన్నాకే తను విస్తరి వేసుకుంటుంది.

మరో రెండు పేజీలు రాశానేమో. వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది. చూసేసరికి మా పిల్ల జామచెట్టు మొదలు పట్టుకుని వంగి ఉంది. అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏం తిన్నవే? పచ్చి జామకాయలు తిన్నవా?"

పిల్ల కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది, గొంతు మండుతోందంటోంది. నేను లేవబోతూ పక్కకి చూశాను. నేను పెట్టిన చోటే మూత ఉంది. అందులో బెల్లం కలిపిన అటుకులు, వాటి పక్కన చిటికెడు పచ్చపచ్చని ముద్ద.

గడ్డివామి దగ్గరికి పరుగెత్తాను. గోనె పక్కకి జరిగి ఉంది. డబ్బా మూత బిగించే ఉంది కానీ, పొద్దున నేను కొలిచేటప్పుడు అంచు చుట్టూ రాలిన పొడిని ఎవరో వేలితో తుడిచి ఎత్తుకున్న గుర్తులు ఉన్నాయి. దోర్ల పిల్ల నా వెనకే వచ్చింది, ఏడుస్తోంది.

"నువ్వూ తిన్నావా?" అని దాని భుజాలు పట్టుకుని అడిగాను.

"వండినోళ్లు ఆఖర్న తినాలె గదా" అంది. అని, నేను అడగకుండానే ఇంకో మాట చెప్పింది. "ఆకు పీకేసినవ్ గదా దొరా. ఇంక ఇసం పోయిందనుకున్నం."

అప్పుడు తెలిసింది నాకు. మడుగులో మందు బలం పోయి, చేపలు మళ్లీ తిరుగుతున్నాయని చూసుకున్నాక పెద్దవాడొకడు వచ్చి ఆ కట్ట పీకేస్తాడు. ఇక తాగొచ్చు, దిగొచ్చు అని దాని అర్థం. గూడెం పిల్లలకే కాదు, వాళ్లతో పెరిగిన మా బజారు పిల్లలకీ అది తెలుసు. తెలియనిది నాకొక్కడికే. పిల్లలు చూస్తుండగా, నా చేత్తో, ఇక భయం లేదని చాటాను.

పిల్లని భుజాన వేసుకుని దవాఖానాకి పరుగెత్తాను. మూత జేబులో వేసుకున్నాను. దవాఖానా డాక్టరుగారు తనిఖీకొచ్చే పెద్దాయనకి ఎదురెళ్లడానికి దోర్నపాల్ పోయారు. ఉన్నది కాంపౌండరు. రాయ్‌పూర్ వైపు మనిషి, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. మాకిద్దరికీ పడేది కాదు. అతను సీసాలు సరిగా కడగడని నేను ఒకసారి రిపోర్టు రాశాను. ఆ కోపం అతనికి ఇంకా పోలేదు. మూత చూపించి సంగతి చెప్పాను.

"ఎక్కడ దొరికింది ఇది?"

"ఆడుకునే చోట" అన్నాను.

అతను నన్ను ఒక్క మాట అనలేదు. అప్పుడు తిట్టి ఉంటే బాగుండేది. "సంఖియా" అన్నాడు, హిందీలో పాషాణానికి ఆ మాటే. "నీళ్లు కాచు. ఉప్పు కలుపు. జల్దీ."

ఉప్పునీళ్లు తాగించి కక్కించాం. ఆ తర్వాత అతను అలమర తెరిచి, నెత్తురు పట్టడానికి ఇచ్చే ఇనుప మందు సీసా, సోడా పొట్లం తీశాడు. రెండూ కలిపితే ఎర్రమట్టి బురదలా ఒక ముద్ద అడుగున దిగింది. దాన్ని పల్చని గుడ్డలో పోసి, నీళ్లతో కడిగి, మళ్లీ కడిగి, చెంచాతో పిల్ల నోట్లో పోశాడు. కడుపులో ఉన్న పాషాణాన్ని ఆ ముద్ద పట్టేసుకుంటుందట. ఎప్పుడో కుర్రతనంలో ఒక ముసలి డాక్టరు చేస్తుంటే చూశాడట, అంతే. సీసాలు సరిగా కడగడని నేను రాసిన మనిషి, ఆ గుడ్డని మాత్రం మూడుసార్లు వేడినీళ్లలో ముంచి తీశాడు.

"అండా కావాల. తెల్లసొన పాలల్ల కలిపి తాగించాల" అన్నాడు.

అందరం మా వెనకే వచ్చిన అక్క వైపు చూశాం. వాళ్లింట్లో కోడిగుడ్డు గుమ్మం తొక్కదు. షావుకారుగారి తల్లి కూడా అక్కడే ఉంది, పొరుగింటి నీళ్లు కూడా ముట్టని ముసలమ్మ. అక్క ఎవరి ముఖమూ చూడలేదు.

"గుడ్డయితే గుడ్డు. ముందు నా బిడ్డ బతకాలె" అంది.

"తెప్పియ్యే, నన్నెందుకు చూస్తున్నరు" అంది ముసలమ్మ.

గూడెం నుంచి ముసలాయన విస్తరాకు దొన్నెలో గుడ్లు పట్టుకుని వచ్చాడు. మనవరాలు చెప్పిందట. అక్క పుట్టి బుద్ధెరిగాక గుడ్డు పట్టుకుని ఎరగదు. మొదటిది చేతిలోనే చితికిపోయింది. రెండోది కాంపౌండరు చూపించినట్టు గిన్నె అంచుకి కొట్టి, సొన వేరు చేసింది. నేను ఆ గదిలో గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఎవరూ నన్ను పొమ్మనలేదు, రమ్మనలేదు.

మధ్యలో ఒకసారి పిల్ల కాళ్లు చేతులు చల్లబడ్డాయి. కాంపౌండరు నాడి పట్టుకుని కిటికీ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇటుక వేడిచేసి, గుడ్డ చుట్టి అరికాళ్ల దగ్గర పెట్టాం. ఈ పిల్ల పోతే నేను శబరిలో దూకుతానని అనుకున్నాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు, ఆ వయసులో అలాగే అనుకుంటారు. దీపాలు పెట్టే వేళకి పిల్ల మంచినీళ్లు అడిగింది. తాగింది, కక్కలేదు. కాసేపటికి అమ్మ ఒళ్లో నిద్రపోయింది.

కాంపౌండరు చేతులు తుడుచుకుంటూ నా పక్కకి వచ్చాడు.

"రాసుకో ఇన్‌స్పెక్టర్ సాబ్" అన్నాడు. "ఇవాళ సీసాలు కూడ సాఫ్‌గానే ఉన్నయ్."

మర్నాడు పెద్ద డాక్టరుగారు వచ్చారు. దవాఖానా కంటే ముందు, దారిలోనే ఉందని, నేరుగా మా పెరడు చూశారు. నేను నోరు తెరిచేలోపు ఆయనకి నచ్చేసింది. ఇసుక మీద బూటుతో తట్టి చూసి, జామచెట్టు కింద నిలబడి, సంస్థానంలో ఇటువంటి పెరడు ఇంకోటి చూడలేదని పుస్తకంలో రాయబోయారు. నేను అప్పుడు చెప్పాను. డబ్బా ఎక్కడ పెట్టానో, ఎందుకు పెట్టానో, ఆకుకట్ట ఎవరు పీకారో అంతా చెప్పాను. ఆయన కలం మూసి జేబులో పెట్టుకున్నారు. దవాఖానాకి వెళ్లి పిల్లని స్వయంగా చూసి, కాంపౌండరు భుజం తట్టారు. నాకు మెమో, దాంతో పాటు చింతలనార్ వైపుకి బదిలీ. ఆ రోజుల్లో అటు వెయ్యడమంటే శిక్ష వెయ్యడమే. తక్కువ శిక్షే.

అంతా చెప్పానన్నాను కదా. ఒక్కటి చెప్పలేదు. మూత నా పక్కన దొరికిందని గానీ, "నువ్వూ తిను" అన్నది నేనేనని గానీ ఎవరికీ చెప్పలేదు. డబ్బా సంగతి ఒప్పుకోవడం తేలికే. బద్ధకం, నిర్లక్ష్యం, ఇవన్నీ ఉద్యోగంలో ఉండే తప్పులు, వాటికి మెమో ఉంటుంది. ఆ రెండో దానికి మెమో లేదు. అక్క నాకు మళ్లీ అన్నం పెట్టింది. "అయిందేదో అయింది తమ్ముడూ, తిను" అంది. తిన్నాను.

నాలుగో రోజుకి పిల్లని ఇంటికి తెచ్చారు. మంచం మీద దిండుకి ఆనుకుని కూచుంది, చెంపలు పీక్కుపోయాయి. అక్క పక్కనే కూచుని పాలు చల్లారుస్తోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"మామా, నీకు వాంతులు కాలేదా?"

"నాకెందుకు అవుతాయి తల్లీ?"

"నువ్వు గూడ తిన్నవ్ గదా. నాకంటే ముందుగాల తిన్నవ్. మంచిగున్నదన్నవ్."

అక్క చేతిలో గ్లాసు ఆగింది.

అప్పుడు ఏదో ఒకటి అల్లి తప్పించుకోవచ్చు. పెద్దవాళ్లకి పాషాణం తొందరగా ఎక్కదని చెప్పినా ఆ పిల్ల నమ్మేది. అక్క కూడా నమ్మేదేమో. నా నోటికి రాలేదు.

"నేను తినలేదమ్మా" అన్నాను. "తిన్నట్టు చేశాను. అందులో ఏముందో చూడను కూడా లేదు."

"మరి మంచిగున్నదని ఎట్ల చెప్పినవ్?"

అక్క గ్లాసు పిల్ల చేతికిచ్చి, లేచి, నా పక్క నుంచే వంటింట్లోకి వెళ్లింది. ఆ పూట అన్నం ఆవిడ వడ్డించలేదు, అత్తగారు వడ్డించింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున నా గది ముందుకొచ్చి, "పిల్లలు పెట్టింది తినకపోతే పాయె, చూడాలె గద తమ్ముడూ" అంది. అంతకు మించి ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఆవిడ తిట్టిన తిట్లన్నీ ఆ ఒక్క ముక్కలోనే ఉన్నాయి.

వెళ్లేముందు ముసలాయన గూడేనికి వెళ్లాను. కట్ట ఎలా కట్టాలో నేర్పమన్నాను. ఏ ఆకు, ఎన్ని, కర్ర ఎంత ఎత్తు, ఎవరు పీకాలి, ఎప్పుడు పీకాలి, అన్నీ అడిగి రాసుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, ఒప్పుకుంటాను. ఆయన నవ్వాడు.

"కట్టుడు అల్కనే దొరా. పీకేటప్పుడే మనిషి కావాలె" అన్నాడు.

ఆ తర్వాత సంస్థానం పోయింది, పారిస్ గ్రీన్ పోయింది, వేరే మందులు వేరే డబ్బాల్లో వచ్చాయి. నేను ఎక్కడ పనిచేసినా, డబ్బా తాళం గదిలో పెట్టి, గది తలుపుకి ఆకులు కట్టేవాణ్ని. కొత్తగా వచ్చిన ఇన్‌స్పెక్టర్లు వెనక నవ్వుకునేవాళ్లు. నవ్వుకోనీ అని ఊరుకునేవాణ్ని, పిల్లలు చదివే కాగితం అదే కదా.

కోంటాలో నా ఆఖరి పొద్దున, ట్రంకుపెట్టె అరుగు మీద పెట్టి లారీ కోసం చూస్తున్నాను. పిల్ల వచ్చింది. చేతిలో ఒక లక్కపిడత. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది, వారించలేదు. పిల్ల నా ముందు నిలబడి, మూత తియ్యకుండా అందించింది.

"పోయేముందు తిను మామా."

లారీ హారన్ వినిపిస్తోంది. నేను ట్రంకుపెట్టె మీద కూచున్నాను. లక్కపిడతని రెండు చేతులతో తీసుకుని మూత తీసి, వెలుతురుకి పెట్టి లోపలికి చూశాను. వేలు పెట్టి కలిపి చూశాను.

"ఇది ఇసుక" అన్నాను. "పైన జామాకు తుంచి వేశావు. నేను తినను."

పిల్ల నా ముఖంలోకి చూసి, ఆ లక్కపిడత వెనక్కి తీసుకుని, జబ్బు పడ్డాక మొదటిసారి నవ్వింది.

"గిప్పుడు నిజం చెప్పినవ్" అంది.